మూత పడని తేనె

పోయిన వారం కొత్తకోట దగ్గర రోడ్డు పక్కన కొన్న తేనె సీసా మూత తిప్పగానే బుస్సుమంది. నురగ పొంగి, పులిసిన కల్లు వాసన వంటింటి నిండా పరుచుకుంది. పారబోయమని మా ఆవిడ అంటూనే ఉంది, నేను మాత్రం మా మేనత్తను తలచుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఇలాంటి తేనె తీయనన్నందుకే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా అత్త ఒక పెద్దసారుతో కయ్యం పెట్టుకుంది.

అత్తది కొల్లాపూర్ దగ్గర పల్లె. ఇంటి వెనక కానుగ చెట్లు, వాటి కింద శిక్షణ ఇచ్చినవాళ్లు అప్పగించిన తేనెటీగల పెట్టె. ఆవకాయ జాడీ దగ్గరికి తడి చేతులతో ఎవరొచ్చినా గరిటె ఎత్తే మనిషి కాబట్టి, ఈగల సంగతి ఆమెకు ఇట్టే పట్టుబడింది. పువ్వుల నుంచి తెచ్చిన తేనె మొదట నీళ్లలా పల్చగా ఉంటుంది. ఈగలు వరుసగా నిలబడి, ఎగరకుండానే రెక్కలాడించి, గాలి తోలి ఆ తడినంతా బయటికి పంపుతాయి. చిక్కబడ్డాకే ఒక్కో గదికి మైనంతో మూత వేస్తాయి. ఎండలు ముదిరితే మళ్లీ అవే నీళ్లు మోసుకొచ్చి లోపల పిల్లలుండే గదుల దగ్గర చల్లుకుంటాయి. "పిల్లలకేమో తడుండాలె, తేనెకేమో పొడుండాలె. ఒక్కింట్ల రెండూ సూస్కుంటయి రా. మీ మామకు తడి తువ్వాల దండెం మీదెయ్యనీకే తెల్వదు" అనేది. మామ వినపడనట్టు చుట్ట వెలిగించుకునేవాడు.

వనపర్తిలో కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరిన నేను సెలవుకు వెళ్లిన రోజునే జీపు వచ్చింది. అందులోంచి దిగిన, ఆ శిక్షణ ఇచ్చినవాళ్ల పెద్దసారుకు తేనె కారుతున్న పట్టుతో ఫొటో కావాలి. అత్త పెట్టె తెరిచి చూపించింది. గదులు చాలావరకు మూతల్లేకుండా తళతళలాడుతున్నాయి.

"ఇంక ఆరలే సారూ. ఇప్పుడు దీస్తే పులుస్తది. మూతలేసినంక రండ్రి," అంది.

"మళ్లీ మళ్లీ రాలేనమ్మా. తీయకపోతే పెట్టె ఇంకొకరికిస్తాం," అన్నాడాయన.

ఆ పెట్టె పోతే ఆమెకు తనదంటూ ఉన్న ఒక్క పనీ పోతుంది. అందుకే నేను మెల్లగా, "పట్టున్న చట్రం ఒక్కటి ఇచ్చెయ్ అత్తా, పోతరు" అన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "సదువుకున్నోనివి, నువ్వు గూడ గట్లనే అంటవా?" నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఆమె సారు వైపు తిరిగి, "పెట్టె మీది, రేపు తీస్కపోండ్రి. ఈగలు మీయి గావు," అంది.

పొద్దుగూకే వేళ ఒక పాత కుండకు చిన్న కంత పెట్టి, పెట్టె చట్రాల్లోంచి కోసిన పట్లను అరటినారతో పుల్లలకు కట్టి లోపల వేలాడదీసింది. తల్లి ఈగ వెళ్లగానే మిగతావీ వెనకే వెళ్లాయి. అవి నిలవవని ఊరంతా అన్నారు, మామ అందరికంటే ముందన్నాడు. మర్నాడు ఖాళీ పెట్టె జీపెక్కింది. అత్త కుండ పక్కనే పీట వేసుకుని కూర్చుంది, నీతులు చెప్పడానికొచ్చిన వాళ్లందరినీ పొమ్మంది. మూడోనాడు కంత దగ్గర రెక్కలు మళ్లీ ఆడటం మొదలుపెట్టాయి.

మూతలు పడ్డాయని కబురొస్తే మళ్లీ వెళ్లాను. అత్త చిన్న ముక్క కోసి, మూత చిదిమి నా అరచేతిలో పెట్టింది. చెయ్యి వంచినా ఆ తేనె జారడానికి బద్ధకించింది. ఆరడానికి పట్టాల్సినంత కాలం పట్టింది దానికి, ఎవరి కోసమూ ఒక్క పూట కూడా తగ్గలేదు.