కుర్చీలో చుట్టం

బి.ఎడ్. కాలేజీ నోటీసు బోర్డు మీద టీచింగ్ ప్రాక్టీసుకి నా పేరుకెదురుగా ఉన్న బడిని చూసి, పక్క వరసలోది చదివానేమో అనుకున్నాను. తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పాలని అప్పటికే పటాలు గీసి పెట్టుకున్నాను. నాకు పడింది శంషాబాద్ శివార్లలో, మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లల బడి. మార్చమని అడగొచ్చు. కానీ అడగడం మా ఇంటావంటా లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బుద్వేల్‌లో బస్సెక్కాను.

తాతగారి కాలంలో మాది గోదావరి వైపు పెద్ద లోగిలి. నాన్న కాలానికి కాటేదాన్ ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం, బుద్వేల్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. పోయినవాటి గురించి మేం మాట్లాడుకోం. ఒక్క అలవాటు మాత్రం మాతోపాటు వచ్చేసింది. మా ఇంట్లో మగవాళ్లు మంచినీళ్లు లేచి తెచ్చుకోరు. "నీళ్లు" అంటారు, వస్తాయి.

ఆ బడి ఖాళీ ప్లాట్ల మధ్య ఒక డాబా ఇల్లు. విమానం దిగినప్పుడల్లా పిల్లలంతా పాఠం వదిలేసి పైకి చూసేవారు. మూడోరోజుకి నేనూ చూడటం మొదలుపెట్టాను. అక్కడి టీచరమ్మ నా పటాలను మర్యాదగా చుట్టి బీరువా మీద పెట్టి, పదకొండేళ్ల పిల్లను చూపించింది.

"ఇంటికొచ్చినవాళ్లకి గ్లాసుడు నీళ్లివ్వడం ఈ అమ్మాయికి నేర్పండి. అదే మీ పాఠం. నెలాఖరుకి మీ లెక్చరర్‌గారు వచ్చి చూస్తారు."

ఆ పాఠం పోతే ఏడాది పోయినట్టే. మా వంశంలో ఇంకొకటి పోవడం నాకిష్టం లేదు.

పనిని ముక్కలు చేసి నేర్పాలి. గ్లాసు తియ్యడం, కుళాయి తిప్పడం, గ్లాసుకి అంటించిన ఎర్రటేపు దాకా నింపడం, పళ్లెంలో పెట్టడం, నడవడం, అందించడం. "ముందు మీరు చేసి చూపించండి. చుట్టంగా రోజుకొకరిని కూర్చోబెట్టండి" అని టీచరమ్మ మొదటిరోజే చెప్పింది. చేసి చూపించే పని, బడిలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మకి అప్పగించాను. చుట్టంగా నేనే కూర్చున్నాను. నిటారుగా కూర్చోవడం నాకు బాగా వచ్చు.

మొదటివారం ఆ పిల్ల సగం నీళ్లు నేలకి పోసింది. రెండోవారం నా ప్యాంటుకి పోసింది. మూడోవారానికి చుక్క తొణక్కుండా తెచ్చి, "తాగు" అనేది. తాగేదాకా కదిలేది కాదు. ఒకరోజు తొమ్మిది గ్లాసులు తాగాను.

ఆయమ్మది పక్క ఊళ్లో వ్యవసాయం చేసే ఇల్లు. "ఏంది సారూ, పొద్దుందాక నీళ్లు తాగుడేనా? జర లేచి నువ్వు గూడ ఒక గ్లాసు పట్టరాదు?" అనేది. నేను ఇంకో గ్లాసుకి చెయ్యి చాచేవాణ్ని.

లెక్చరర్‌గారు వచ్చారు. కుర్చీ ఆయనకిచ్చి నేను గోడవార నిలబడ్డాను. పిల్ల గ్లాసు తీసింది. కుళాయి తిప్పింది. సరిగ్గా ఎర్రటేపు దగ్గర ఆపింది. ఇంక భయం లేదనుకున్నాను. నడుచుకుంటూ కుర్చీదాకా వెళ్లి, ఆయన మొహం ఒకసారి చూసి, పక్కకి తిరిగి తిన్నగా గోడ దగ్గరికొచ్చింది.

"తాగు."

"నాకు కాదమ్మా, ఆయనకి."

"తాగు."

ఆయన చాచిన చెయ్యి అలాగే ఉంది. గుమ్మంలోంచి ఆయమ్మ పకపకా నవ్వింది. "ఆమెకు సుట్టమంటే నువ్వే గద సారూ! గిన్ని దినాలల్ల ఒక్కనాడన్న కుర్సీ ఇడిస్తివా?"

చేసేదేముంది, తాగాను. లెక్చరర్‌గారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. "పిల్లకి వచ్చిందయ్యా. మీరే చుట్టాన్ని మార్చలేదు. పదిరోజులకి మళ్లీ వస్తాను. ఎక్కడ కూర్చుంటానో చెప్పను."

మర్నాడు రోడ్డు మీదికి వెళ్లాను. టీ బండి దగ్గర క్యాబ్ డ్రైవర్లు విమానాల కోసం కాచుకుని ఉన్నారు. ఎవరినీ ఏదీ అడగనివాణ్ని, "మా బడికొచ్చి కాసిని మంచినీళ్లు తాగుతారా?" అని అడిగాను.

"నీళ్లకు పిలుస్తున్నవా అన్నా? చాయ్ లేదా?" అని నవ్వుతూ ఇద్దరు లేచి వచ్చారు.

మొదటి గ్లాసు నేనే పట్టుకెళ్లాను. అలవాటులేని పని, సగం నీళ్లు పళ్లెంలోకి ఒలికాయి. పిల్ల నా చేతిలోంచి గ్లాసు లాక్కుని, ఎర్రటేపు మీద వేలు పెట్టి చూపించింది.

"గట్ల చెప్పు బిడ్డా, సారుకు గూడ నేర్పు" అంది ఆయమ్మ.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు వచ్చారు. ప్లాట్లు చూపించే బ్రోకరు వచ్చాడు, కరెంటు బిల్లు తెచ్చినాయన వచ్చాడు. ఒకరు కుర్చీలో, ఒకరు మెట్టు మీద, ఒకరు చాప మీద. ముందు నేను ఇచ్చేవాణ్ని, తర్వాత పిల్ల ఇచ్చేది.

పదోరోజున లెక్చరర్‌గారు కుర్చీ వదిలేసి చాప మీద, ఇద్దరు డ్రైవర్ల మధ్య కూర్చున్నారు. పిల్ల ముగ్గురినీ చూసింది. నన్ను కూడా చూసింది. నేను కదల్లేదు. ఒక చివర నుంచి మొదలుపెట్టి ముగ్గురికీ ఇచ్చింది. లెక్చరర్‌గారు గ్లాసు పక్కన పెట్టి నా రికార్డులో సంతకం చెయ్యబోతే, "తాగు" అని ఎదురుగా నిలబడింది. ఆయన పూర్తిగా తాగాకే సంతకం చెయ్యగలిగారు.

ఖాళీ గ్లాసులు తియ్యడమనే మెట్టు నా పాఠంలో రాయనేలేదు. వంగి, మూడూ నేనే తీశాను.