డాక్టరమ్మను పెద్దమ్మ అడిగిన మాట

పోయిన వారం కొనకనమిట్ల నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి, "అమ్మ పోయిందక్కా" అన్నాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. మరునాడు పాస్టరుగారు ప్రార్థన చేశాక సమాధి చేసి వచ్చాం.

ఆమె మా అమ్మకు అక్క. మిరప కోతలకు, పత్తి తీతకు పోయి పిల్లల్ని పెంచింది. ఇరవై ఏళ్ల కిందట ఆమె మెడలో థైరాయిడ్ గడ్డ తీసినప్పుడు, దాని వెనక అంటుకుని ఉండే కందిగింజంత గ్రంథులు కూడా పోయాయి. ఒంట్లో కాల్షియాన్ని సరిచూసేవి అవే. చుట్టూ ఉన్న కొవ్వులో కలిసిపోయి, అనుభవమున్న కంటికి కూడా ఒక్కోసారి దొరకవు. అప్పటినుంచి కాల్షియం తగ్గినప్పుడల్లా ఆమె వేళ్లు కొంకర్లు పోయేవి. చేలో ఉన్నట్టుండి గట్టు మీద కూర్చుని, కొంగున కట్టుకున్న మాత్ర నమిలి, వేళ్లు విచ్చుకునేదాకా ఆగి మళ్లీ పనిలోకి దిగేది. ఎవరైనా ఆ డాక్టరును తిడితే ఊరుకునేది కాదు. "ఆయప్ప కావాలని చేసినాడా? కనపడలా, అంతే" అనేది.

రెండేళ్ల కిందట నాకూ అదే గడ్డ వచ్చింది. మార్కాపురంలో బడి పిల్లలకు పాఠం చెప్పే గొంతు పోతుందేమోనని నా భయం. ఆమె భయం వేరు. పిలవకుండానే సంచి సర్దుకుని నాతో గుంటూరు వచ్చింది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ నాతో మాట్లాడుతుంటే మధ్యలో అడిగింది.

"అమ్మా, ఆ చిన్న గ్రంథులు నీకు కనపడతాయా?"

డాక్టరమ్మ కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. కంటికి ఆనని ఒక రకం కాంతి వేస్తే ఆ గ్రంథులు తమంతట తామే మెరుస్తాయని, ఆ మెరుపు కెమెరాకు తెలుస్తుందని, అందుకు మందేదీ ఎక్కించనక్కర్లేదని చెప్పింది. అది సాయమే గాని పూచీ కాదని కూడా చెప్పింది. పెద్దమ్మకు ఆ ఆఖరి మాటే నచ్చింది. "దాయకుండ చెప్పింది. చేయించుకో" అంది నాతో.

ఆపరేషన్ అయ్యాక మూడు రోజులూ నా వేళ్లు ఒక్కొక్కటే వంచి, చాపి చూసింది. ఏ వేలూ మొరాయించలేదు. ఆ ప్రశ్న నా అంతట నాకు తోచేది కాదు. ఇప్పుడు మెడ ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు ఎవరు కలిసినా అడగమని చెబుతున్నాను.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఆ కెమెరాతో తీసిన ఫోటో చూపించింది. బూడిదరంగు మసకలో రెండు తెల్లటి చుక్కలు. దాన్ని నా ఫోన్‌లోకి తీసుకున్నాను.

బస్సు వినుకొండ దాటాక పెద్దమ్మ ఫోన్ అడిగి తీసుకుంది. చాలాసేపు చూసి, "నావి గూడ ఇట్లనే మెరుస్తాండేవి గదా" అంది.

ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. చివరికి ఒక్క చుక్కే ఫోన్ అద్దమంతా తెల్లగా నిండింది. బస్సు కుదుపులకు జారకుండా దాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది.