నేను రాసిన తండ్రి

సూళ్లూరుపేటలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసినన్నాళ్లూ పిల్లల కోసం ఎన్నో అర్జీలు రాశాను. స్కాలర్‌షిప్పులకీ, హాస్టల్ సీట్లకీ, ఒకసారి చెవిటి పిల్లాడి వినికిడి మిషనుకీ. వాటిలో ఒక్కదాని గురించి మాత్రం ఇప్పటికీ ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకుంటాను.

ఆ అర్జీ మా బడిలో చదివిన ఒక అమ్మాయి కోసం. వాళ్లది పులికాటు ఒడ్డున చిన్న పల్లె. తండ్రి సరస్సులో పీతలు, రొయ్యలు పట్టేవాడు. తల్లి గంపలో పెట్టుకుని పేట వీధుల్లో అమ్మేది. అమ్మాయి ఆరో తరగతిలో చేరిన ఏడు బడిలో వేసవి శిబిరం పెట్టారు. మద్రాసు నుంచి బ్యాలే నేర్పే టీచరొకామె వచ్చి వారం రోజులు పిల్లలతో గెంతులు వేయించింది. చివరిరోజు ఈ పిల్లను పక్కకు పిలిచి కాళ్లూ మడమలూ వంచి చూసి, "ఆదివారాలు నా దగ్గరికి పంపగలరా? ఫీజు అక్కర్లేదు" అంది.

తండ్రిని బడికి పిలిపించాను. బ్యాలే అంటే ఏమిటో నాకే సరిగా తెలియదు. ఫోనులో ఒక వీడియో పెట్టి చూపించాను. మునివేళ్ల మీద నిలబడి తిరుగుతున్న అమ్మాయిని అతను చాలాసేపు చూశాడు.

"కొంగ నిలబడినట్టుందే. మా పాప ఒడ్డుమీద ఇట్టనే నిలబడద్ది మేడమ్. నేర్చుకోనీండి" అన్నాడు.

నాలుగేళ్లు ప్రతి ఆదివారం తెల్లవారుజాము రైలుకి అతనే కూతుర్ని మద్రాసు తీసుకెళ్లాడు. ఆమె మేడ మీద నేర్చుకుంటుంటే అతను కింద మెట్ల దగ్గర కూర్చునేవాడు. పిల్ల బూట్లు చిరిగితే వలలు కుట్టే దారంతోనే కుట్టేవాడు. ఆ కుట్టు చూసి టీచరమ్మ మిగతా పిల్లల బూట్లు కూడా తెచ్చి అతని ముందు పోసేదట. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే రాశాను.

అమ్మాయి పదో తరగతిలో ఉండగా యూరప్‌లో ఒక బ్యాలే స్కూలు సీటిచ్చింది. ఫీజులో సగం వాళ్లే వదులుకున్నారు. మిగతా సగం, తిండి, వసతి, ప్రయాణం మనం చూసుకోవాలి. ఆడపిల్లల చదువులకు సాయం చేసే ట్రస్టు ఒకటి మద్రాసులో ఉందని తెలిసింది. అమ్మాయి నాట్యం వీడియోతోపాటు కుటుంబ పరిస్థితి గురించి ఉత్తరం పంపమన్నారు.

మొదట ఉన్నదున్నట్టు రాశాను. చదువుకుంటే నాకే చప్పగా అనిపించింది. తండ్రి పేదవాడు, మంచివాడు, కూతుర్ని రైల్లో తీసుకెళతాడు. ఇందులో ఎవరికి కళ్లు చెమరుస్తాయి అనుకున్నాను. ఆ కాగితం చించి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి తండ్రి తాగుబోతయ్యాడు. నాట్యం మానమని కూతుర్ని కొట్టాడు. కూతురు అతనికి తెలియకుండా రైలెక్కి వెళ్లి నేర్చుకుంది. కలం ఎక్కడా ఆగలేదు. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, రాస్తున్నంతసేపూ సంతోషంగా ఉన్నాను.

సంతకానికి అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నిలబడే చదివింది.

"మా నాయన తాగడే మేడమ్."

"తెలుసమ్మా. వాళ్లకి మన కష్టం తెలియాలంటే ఇట్లా రాయాలి."

"కొట్టడు గూడా."

"సంతకం పెట్టు తల్లీ. స్కాన్ చేసే షాపు మూసేస్తారు."

నా మొహం చూడకుండా పెట్టింది. పదిహేనేళ్ల పిల్ల. టీచరు చెప్తే కాదనగలదా?

రెండు నెలల్లో సాయం మంజూరైంది. అయితే బ్యాంకు ఖాతా తల్లి పేరు మీదే ఉండాలని, తండ్రికి సంబంధం ఉండకూడదని షరతు పెట్టారు. ఆడపిల్లల పథకాలన్నిటికీ అదే రూలని అతనికి చెప్పాను. "మంచిదే మేడమ్. మా ఇంట్లో లెక్కలు ఆమెకే బాగా తెలుసు" అని నవ్వాడు.

అమ్మాయి వెళ్లే రోజు మేమందరం మద్రాసు ఎయిర్‌పోర్టుకి వెళ్లాం. ట్రస్టు నడిపే పెద్దావిడ శాలువా తెచ్చింది. ఫొటోకి అమ్మాయిని, తల్లిని, నన్ను నిలబెట్టి, అతన్ని కాస్త పక్కకి జరగమని చేత్తో చూపించింది. అతను జరిగాడు. కూతురి పెట్టె పట్టుకుని పక్కనే ఉన్న స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఆవిడ నా చెవి దగ్గరికి వంగి అరవంలో అడిగింది: "ఈరోజు కూడా తాగి వచ్చాడా?"

"లేదండీ, ఈరోజు బాగానే ఉన్నాడు" అన్నాను నేను, అరవంలోనే.

పులికాటు చేప సగం అరవ దేశంలోనే అమ్ముడవుతుంది. అతనికి అరవం నాకంటే బాగా వచ్చు. తల తిప్పి చూశాను. అతను నన్నే చూస్తున్నాడు.

తిరుగు రైల్లో తల్లి ఏడ్చి ఏడ్చి కిటికీకి ఆనుకుని నిద్రపోయింది. గుమ్మిడిపూండి దాటాక అతను అడిగాడు.

"ఆయమ్మ నేను తాగొచ్చినానా అని అడిగిందే మేడమ్. అదేంది?"

చెప్పాను. అంతా చెప్పాను. రైలు తడ స్టేషన్‌లో ఆగినప్పుడు అతను నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు అది అబద్ధం అని రాస్తే డబ్బు ఆపేస్తారా?"

నాకు తెలియదు. కనుక్కుంటానని అనొచ్చు. కానీ ఆ ట్రస్టుకే మా బడి పిల్లల అర్జీలు మరికొన్ని పంపి ఉన్నాను. అవేమవుతాయోనన్న భయం కొంత, నా పేరేమవుతుందోనన్న భయం ఇంకా ఎక్కువ.

"ఆపేయొచ్చన్నా" అన్నాను.

"అయితే ఉండనీండి. తాగుబోతంటే తాగుబోతే. బిడ్డ పోయింది గదా." భార్య వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆమెకి మాత్రం చెప్పబాకండి."

దాగలేదు. ట్రస్టు వాళ్లు పంపిన కథను ఒక పేపరు జిల్లా పేజీలో తెలుగులో వేసింది. పల్లెలో వాళ్లకి అతని సంగతి తెలుసు కాబట్టి ఎగతాళి చేసి వదిలేశారు. పొరుగూళ్ల చుట్టాలు మాత్రం నమ్మారు. అతని భార్య గురువారాలు మా ఇంటికి చేపలు తెచ్చేది. ఆ వారం నుంచి మా గుమ్మం ముందు చేపలని కేకేయడం మానేసి, పక్కింటి దగ్గర గంప దించి, నా వైపు చూడకుండా వెళ్లిపోయేది.

రెండో ఏడు అమ్మాయి ఫోను చేసింది. స్కూలుకి సాయం చేసేవాళ్ల సభలో తన కథ చెప్పమన్నారట. వాళ్లు రాసిచ్చిన కాగితంలో, ట్రస్టు పంపిన నా ఉత్తరమే ఉందట.

"చదవలేకపోయినా మేడమ్. మా నాయన తాగడు, నాలుగేళ్లు నన్ను రైల్లో తీసకపోయింది ఆయనే అని చెప్పేసినా. ట్రస్టు మేడమ్‌కి గూడా మెయిల్ పెట్టినా."

"డబ్బు ఆపేస్తారని భయం వేయలేదా?"

"ఆపితే ఇంటికొచ్చేద్దాం అనుకున్నా."

ఎవరూ ఏదీ ఆపలేదు. వారం తర్వాత ట్రస్టు పెద్దావిడే నాకు ఫోను చేసింది. కోపంగా కాదు, బాధగానే మాట్లాడింది. "ఆ పిల్ల వీడియో చూసి ఇచ్చాం టీచర్. మీరు నిజం రాసినా ఇచ్చేవాళ్లం. ఎయిర్‌పోర్టులో ఆయన్ని అంత మాట నాతో అనిపించారు."

ఆ ఆదివారం ఆటో కట్టించుకుని పల్లెకి వెళ్లాను. అతను ఇంటి ముందు వలలో నాచు ఏరుతున్నాడు. జరిగింది చెప్పాను.

"పాప అందరి ముందరా చెప్పిందా?"

"అందరి ముందరా చెప్పిందన్నా."

"ఇంగిలీసులోనా?"

"ఇంగ్లీషులోనే."

అతను పెద్దగా నవ్వి భార్యని కేకేశాడు. ఆమె తడిచేతులతో వచ్చి విన్నది. ఆమెకి నవ్వు రాలేదు.

"తప్పు చేశానమ్మా. సవరణ వేయమని పేపరుకి ఉత్తరం రాశాను" అన్నాను.

"మళ్లా రాసినారా?" అంది. "ఆయన్ని బ్యాంకోళ్లు లోపలికి రానీలేదు మేడమ్. పెళ్లిళ్లకి పోతే బావలే పక్కన కూసోలేదు. ఇంకా రాసేదేంది? నోటితో చెప్పండి."

"ఇప్పుడెందుకులే" అన్నాడతను. ఆమె వినలేదు. నన్ను వెంటబెట్టుకుని రేవు దగ్గర పీతల వేలంపాట జరిగే చోటికి నడిచింది. పాతికమంది ఉంటారు. ఎన్నో ఏళ్లు క్లాసుల్లో మాట్లాడినదాన్ని, అక్కడ నా గొంతు నాకే వినపడలేదు. తాగుతాడని, కొట్టాడని రాసింది నేనేనని, అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదని చెప్పాను. కొందరు విన్నారు. కొందరు పీతలు తూకం వేసుకుంటూనే ఉన్నారు. "మాకు తెల్సులేమ్మా" అన్నాడొక ముసలాయన.

"వీళ్లకి తెలుసు. తెలీంది చుట్టాలకి. మా ఆడబిడ్డ దొరవారిసత్రంలో ఉండాది, ఆడికి రాండి" అంది ఆమె.

మరుసటి ఆదివారం ఇద్దరం బస్సులో దొరవారిసత్రం వెళ్లాం. ఆమె వేరే సీట్లో కూర్చుంది. నా టికెట్టు నన్నే తీసుకోమంది. ఆడబిడ్డ ఇంట్లో నేను చెప్పాల్సింది చెప్పాను. అతని భార్య నా పక్కనే నిలబడి, నేను ఏ మాటా మింగకుండా చూసుకుంది. ఆమె అన్నలిద్దరు మైపాడులో ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఇంకా వెళ్లాలి.