ఎడమ తలుపు మార్కు

మా తమ్ముడివి పాడు కళ్ళు. చూపు తక్కువని కాదు, ఎక్కువని. ఏ వస్తువు చూసినా ముందు దాని లోపమే కనిపిస్తుంది వాడికి. నేను ముచ్చటపడి కుర్చీ కొనుక్కుంటే, "బాగుందక్కా" అనేలోపే "ఈ కాలు కాస్త పొట్టి" అన్నాడు. ఇలాంటివాడికి నువ్వెలా నచ్చావే అని మా మరదలిని అడిగితే, "నన్ను చూడడానికొచ్చిన రోజు టార్చి తేవడం మర్చిపోయుంటారు వదినా" అంది.

వాడు కార్లకు రంగులు వేసేవాడు. బతుకంతా రేకుల షెడ్డులోనే గడిచింది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఊళ్ళో ఏటా పాత కార్ల పోటీ జరుగుతుంది. ఇంజను చూసేవారు ఒకరు, సీట్లు చూసేవారు ఒకరు. బాడీ, రంగు మాత్రం మావాడివే. వంగి టార్చి వెలుగును రేకు వెంట జార్చి, వేళ్ళ వెనకవైపుతో తడిమి, ఒక్కో భాగానికి పదికి ఇన్నని మార్కులు వేసేవాడు. బహుమతులు ఎవరికో మైకులో చెప్పేవారు. మార్కుల కాగితాలు మాత్రం బీరువాలోకి పోయేవి. ఎవరికి ఎక్కడ ఎంత తగ్గిందో పరమ రహస్యం. నా నోట్లో నువ్వుగింజ నానదని వీధివీధంతా ఎరుగును గనక, మావాడు నా దగ్గర అసలే నోరు విప్పేవాడు కాదు.

వాడి ప్రాణ స్నేహితుడు పక్క వీధిలో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే గట్టిగా గొంతు సవరించుకుంటాడని ఆయన్ని అందరం హారన్ అంటాం. ఆయన కూతురు బుల్లిహారన్. తండ్రి దగ్గర నీలం రంగు పాత కారొకటి ఉండేది. అది తుప్పుపట్టి మూలన పడి ఉంటే తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి బాగుచేయడం మొదలుపెట్టారు. మిగతా బాడీ అంతా మావాడే రంగు కొట్టాడు. "ఎడమ తలుపు నాకొదిలెయ్ మావయ్యా" అని ఆ పిల్ల పట్టుబట్టింది. స్ప్రే గన్ను పట్టుకోవడం నేర్చుకోవడానికి మా షెడ్డుకు వచ్చేది.

"గన్ను ఎంత దూరంలో పట్టాలి మావయ్యా?"

"జానెడు."

"ఎవరి జాన? నీదా, నాదా?"

"నీ నోరు కొలిస్తే మూరెడుంది. జానెందుకే నీకు?"

తలుపుకి రంగు కొట్టింది. రంగు కలపడంలో తెలుపు ఒక చుక్క ఎక్కువ పడి, మిగతా కారు కన్నా కాస్త లేత నీలం వచ్చింది. పిడి కింద రంగు జారి వేలెడు పొడుగున చార కట్టింది. "ఎండనీ, గీకి మళ్ళీ కొడతాలే" అంది. ఈలోపే జ్వరం వచ్చింది. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన పిల్ల ఇంటికి నడిచి రాలేదు. అంతకుమించి రాయడం నా వల్ల కాదు.

ఆ తలుపును తండ్రి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కారును పోటీకి తీసుకెళ్ళాడు. మూడో బహుమతి వచ్చింది. మరుసటేడూ అంతే.

"మా పిల్ల తలుపుకి ఎంత వేశావురా?" అని అడిగేవాడు.

"చెప్పకూడదురా."

"ఎక్కువా, తక్కువా? అదైనా చెప్పు."

"రూలురా బాబూ."

అప్పుడు ఆయన నావైపు తిరిగి కన్ను గీటేవాడు. "చెప్పట్లేదంటే బాగానే వేశాడక్కయ్యా. తక్కువైతే వీడు దాచే రకమా?"

ఇలా ఉండగా సంఘం మీటింగులో పళ్ళ డాక్టరు లేచాడు. ప్రతి ఏడూ ఆయనది నాలుగో స్థానం. "ఎక్కడ తగ్గిందో తెలియకపోతే ఎలా బాగుచేసుకుంటాం? మార్కుల కాగితాలు గోడకు అంటించండి. పాతవీ, కొత్తవీ" అన్నాడు. అందరికన్నా ముందు చెయ్యెత్తింది హారన్.

మా తమ్ముడు లేచి, "వద్దు" అన్నాడు. "జడ్జీలకు మొహమాటాలు వస్తాయి, తగాదాలొస్తాయి." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూసిన చూపుకి నవ్వు ఆగింది. కానీ నా మనసులోనూ అదే పురుగు తొలిచింది. మూత పెట్టిన గిన్నె కనబడితే మూత తీసి చూసేదాన్ని, నాకు వాడి మాట ఎలా నచ్చుతుంది? ఓట్లు వేశారు. తెరవాలనే తేలింది.

కాగితాలు అంటించిన రోజు హాలంతా జనం. హారన్ కళ్ళజోడు తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. బానెట్టు, టాపు, డిక్కీ అని వేలు పెట్టుకుంటూ దిగాడు. కుడి తలుపు: ఎనిమిది. ఎడమ తలుపు: ఏమీ లేదు. ఖాళీ గడి. మరుసటేడు కాగితంలోనూ ఖాళీయే. లెక్కలో మాత్రం కుడి తలుపు ఎనిమిదినే రెండోసారి కలిపాడు మావాడు.

"చూశారా! అంటే ఆ మూడో కప్పు..." అని డాక్టరు మొదలుపెట్టబోయాడు.

"కప్పు మీ ఇంటికి పంపిస్తాను డాక్టరుగారూ" అని హారన్ మా తమ్ముడి వైపు తిరిగాడు. చిన్నప్పటినుంచీ ఒరేయ్ తప్ప మరో పిలుపు ఎరగనివాడు, "జడ్జిగారూ" అన్నాడు. "రంగు జారిందని నాకు తెలీదా? సున్నా వేయాల్సింది. ఒకటి వేయాల్సింది. తప్పుంటే తప్పని రాయాల్సింది. అసలు చూడనే లేదే? అంత చూడలేనట్టుందా మా పిల్ల పని?"

ఆయన వెళ్ళిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు గొంతు కూడా సవరించుకోలేదు.

ఇంటికొచ్చాక కడిగేశాను. "నాలుగో అయిదో వేసి చావచ్చు కదరా!"

"చూశానక్కా. ఊళ్ళో ఏ కారునూ అంతసేపు చూడలేదు. ఎండాక గీకి మళ్ళీ కొడతా అంది కదా. పని పూర్తి కాలేదు కదా. మార్కు వేస్తే... ఇక అంతే అన్నట్టు కాదూ?"

నేను కడగడం మానేశాను.

కొన్నాళ్ళు మింగలేక కక్కలేక తిరిగాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున టార్చి జేబులో పెట్టుకుని, "రా అక్కా, ఒక్కణ్ణీ వెళ్ళలేను. వాడి ఎదుటే చూసి, ఎంతొస్తే అంత చెప్పేస్తా" అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. హారన్ భార్య తలుపు తీసి, "షెడ్డులో ఉన్నారు. ఈమధ్య ఎవరితోనూ మాట్లాడట్లేదు" అంది.

కారు మీద కప్పిన గుడ్డను ఆయనే లాగాడు. ఎడమ తలుపు అద్దంలా ఉంది. జారుడు లేదు, లేత నీలం లేదు. మిగతా కారులో కలిసిపోయింది.

"వేరే షెడ్డులో మొత్తం గీకించి కొట్టించాను" అన్నాడు. "మా పిల్లది మార్కు వేయడానికి కూడా పనికిరాని తలుపని ఎవరూ అనకూడదు."

మా తమ్ముడు తలుపు మీద వేళ్ళ వెనకవైపు ఆనించాడు. అలవాటు చొప్పున కిందికి, పిడి కిందికి జార్చాడు. అక్కడ ఏమీ తగల్లేదు. జేబులో టార్చి జేబులోనే ఉండిపోయింది. పక్క వీధే అయినా, నేను మాట్లాడకుండా నడిచి ఇల్లు చేరిన రోజు మరొకటి లేదు.

ఆ ఏటి పోటీకి ఇక జడ్జీగా రానని మావాడు మొండికేశాడు. అయితే హారనే కబురు పెట్టాడు: "వాడే చూడాలి. ఈసారి గడి నింపమను."

నింపాడు. నేను జనానికి అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నాను. తలుపు బయటివైపు చూడడం ఎంతసేపో పట్టలేదు. తరవాత తలుపు బార్లా తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, మడతబందుల సందులోకి టార్చి కొట్టాడు. అక్కడే ఉండిపోయాడు. వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు. లేచినప్పుడు మొహం తుడుచుకుని కాగితం మీద రాశాడు.

సాయంత్రం అంటించారు. ఆ వరసను హారన్ వేలు పెట్టి చదివాడు. ఆయన భుజం మీదుగా నేనూ చదివాను. చదవకుండా ఎలా ఉంటాను?

ఎడమ తలుపు: తొమ్మిదిన్నర. తగ్గించిన కారణం: మడతబందుల వెనక వేలెడు మేర పాత రంగు మిగిలిపోయింది. లేత నీలం.

ఆయన రెండోసారి చదివాడు. జనాన్ని తోసుకుంటూ కారు దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి, నేల మీద కూలబడ్డాడు. సందు చీకటిగా ఉంది.

"ఒరేయ్," అని పిలిచాడు. "టార్చి ఇలా ఇవ్వరా."

మా తమ్ముడు వెళ్ళి పక్కన కూర్చుని వెలుగు చూపించాడు.

"ఇంతేనా మిగిలింది?"

"ఇంతే రా."

"ఇక్కడ జారిందా?"

"లేదు. ఇక్కడ సరిగ్గా కొట్టింది."

ఆయన చూపుడువేలు లోపలికి పెట్టి ఆ మచ్చను తాకాడు. ఏడుపు ఆయనదో మావాడిదో నాకు తెలియలేదు. ఇద్దరి వీపులూ నావైపే ఉన్నాయి.

ఆ కాగితాలు అంటించాలా వద్దా అని మా ఊళ్ళో ఇప్పటికీ వాదించుకుంటారు. అంటించాలనే అంటాను నేను. చూసినవాడు చూశానని, తగ్గించినవాడు ఇందుకని రాసి నలుగురిలో పెట్టాలి. జాలిపడి వదిలేసిన ఖాళీ గడి ఎంత కోస్తుందో నేను చూశాను. కానీ ఆ మాట నెగ్గినందుకు నాకు సంతోషం లేదు. కాగితాలు మొదటినుంచీ గోడ మీదే ఉండుంటే మావాడు గడి ఖాళీగా వదిలేవాడు కాదు, ఆ తలుపు ఇంకా లేత నీలంగానే ఉండేది.

ఆ సాయంత్రం డాక్టరు తన మార్కుల సంగతి అడగడానికి వాళ్ళ దాకా వచ్చి, ఏమీ అడగకుండానే వెనక్కి మళ్ళాడు. ఒక్కో కారూ స్టార్టయి వెళ్ళిపోయింది. మైదానం ఖాళీ అయింది. నీలం కారు ఎడమ తలుపు మాత్రం ఇంకా తీసే ఉంది.