ఆటో దిగని చేప

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు దగ్గర మా అబ్బాయి బస్ పాస్ లామినేషన్‌కి ఇచ్చి నిలబడ్డాను. మిషన్‌లోంచి వేడి ప్లాస్టిక్ వాసన ముక్కుకి తగలగానే కౌంటర్ బల్ల పట్టుకుని ఆగిపోయాను. పక్కనున్నావిడ "ఏమైందమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఏం చెప్పను? ఆ వాసన వస్తే చాలు, నేను మళ్ళీ ఏడేళ్ళ పిల్లనై కొయ్యబారిపోతాను. ఆ వెంటనే భాగ్య టీచర్ గుర్తొస్తుంది.

మాది భీమవరం దగ్గర ఊరు. అప్పట్లో వనస్థలిపురంలో అద్దెకుండేవాళ్ళం. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. ఆయనకి కొట్టివేత అంటే గిట్టదు. "ఓఎంఆర్ షీటు మీద ఒకసారి గుండ్రం నింపాక మార్చుకోవడానికి ఉండదమ్మా, ముందే ఆలోచించుకోవాలి," అనేవాడు, నేను గీస్తున్నది పిల్లి బొమ్మ అయినా సరే. కోప్పడేవాడు కాదు, ప్రేమగానే అనేవాడు. కానీ రెండో తరగతికి వచ్చేసరికి తెల్లకాగితం చూస్తే నా చెయ్యి బిగుసుకుపోయేది. డ్రాయింగ్ పీరియడ్ అంతా పెన్సిల్ చెక్కుతూ గడిపేదాన్ని.

మా ఎదురిల్లు భాగ్య టీచర్‌ది. ఆ చుట్టుపక్కల పొలాలున్న పాత కుటుంబం వాళ్ళది. కాలనీలు లేచాక అద్దెలు తీసుకుంటూ కాలుమీద కాలేసుకుని బతకొచ్చు. ఆవిడకి మాత్రం ఊరికే కూర్చుంటే తోచదు. ఎండాకాలం సెలవుల్లో వరండాలో చాప పరిచి పిల్లల్ని పోగేసేది. గీయడం, రంగులేయడం ఏమీ లేదు. రోడ్డు, చెరువు, ఆకాశం అచ్చువేసిన నున్నటి అట్ట ఒకటి ఇచ్చేది. దాని మీద అంటించి, ఊడదీసి, మళ్ళీ ఇంకోచోట అంటించుకునే ఆటో, ఆవు, గొడుగు, చేప స్టిక్కర్లు ఇచ్చేది. మొదటిరోజు నేను చేప స్టిక్కర్ వేలికి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్?"

"ఎక్కడ పెట్టాలో తెలీట్లేదు టీచర్. తప్పైతే?"

"ఏడనో ఓ కాడ పెట్టు. మంచిగ లేకుంటే తీస్తవ్, గంతే," అంటూ ఆవిడే చేపను తీసి ఆటో సీట్లో కూర్చోబెట్టింది. చేప ఆటోలోనా! పెద్దవాళ్ళు కావాలని తప్పు చేయడం నేను చూడటం అదే మొదలు.

ఆవిడకో పద్ధతి ఉండేది. ఏ బొమ్మనీ పూర్తి కానిచ్చేది కాదు. "అట్ట మీద ఉన్నోళ్ళకు రేపు ఏం పనున్నది?" అని అడిగి, జవాబు చెప్పాకే ఇంటికి పంపేది. అలా మా బొమ్మలు రోజూ కదిలేవి. నా చేప ఆటోలో ఎల్బీ నగర్ చౌరస్తా దాటింది, ఆవుకి దారిచ్చింది, గొడుగు కొనుక్కుంది. ఇక రేపు చెరువు దగ్గర దిగాలి. ఆ సంగతి అమ్మకి చెప్పి, ఇంటికి తెచ్చుకున్న అట్టను తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున లేచేసరికి అట్ట కనబడలేదు. సాయంత్రం మేమంతా చాప మీద ఉండగా నాన్న దాన్ని చంకలో పెట్టుకుని టీచర్ వాళ్ళింటికే వచ్చాడు. తళతళా మెరుస్తోంది, ఇంకా వేడి ప్లాస్టిక్ వాసన వేస్తోంది. కూతురు చేసిన మొదటి బొమ్మ పాడవకూడదని లామినేషన్ చేయించాడు. మా వైపు అంతే, ర్యాంకు కార్డు నుంచి రేషన్ కార్డు దాకా విలువైన ప్రతిదానికీ ప్లాస్టిక్ తొడుగు పడాల్సిందే.

"చూడండి టీచర్ గారూ, ఇక చెక్కుచెదరదు!" అన్నాడు మురిసిపోతూ.

నేను గోటితో చేపను లేపబోయాను. గోరు జారింది. మళ్ళీ గీకాను. "చేప దిగట్లేదు," అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. "నాన్నా, చేప ఇవాళ దిగాలి!" అని గుక్కపట్టి ఏడ్చాను. నాన్న బిత్తరపోయాడు. కొత్తది కొనిపెడతానన్నాడు. "వద్దు. నేనింకెప్పుడూ బొమ్మలు చెయ్యను," అన్నాను. అది మారాం కాదు. ఆ సాయంత్రం అక్కడితో ముగిసి ఉంటే జన్మలో మళ్ళీ చెయ్యి పెట్టేదాన్ని కాదు.

భాగ్య టీచర్ లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది. ఏం చేయబోతోందో తెలిసేలోపే ఆ అట్టను కసకసా కోయడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో! ఏంటండీ ఇది? ఇప్పుడేగా చేయించుకొచ్చాను!" నాన్న కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

"జర ఆగుండ్రి సార్."

చేపను, చెరువును, ఆటోను విడివిడిగా కోసి చాప మీద పోసింది. ఆటోకి సీటు దగ్గర చిల్లు మిగిలింది. పిల్లలమంతా నోళ్ళు తెరిచాం. తండ్రి ముచ్చటపడి తెచ్చినదాన్ని ఆయన కళ్ళముందే ముక్కలు చేయడమా! నాన్న మొహం ఎర్రగా కందిపోయింది. నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళ్తాడనుకున్నాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత చాప మీద చతికిలబడ్డాడు. చేపను ఆటో చిల్లులో పెట్టి, రెండు వేళ్ళతో తోసుకుంటూ నా మోకాలి దాకా తెచ్చాడు.

"ఎక్కడ దించాలమ్మా?" అన్నాడు.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అన్ని లెక్కలకీ జవాబు తెలిసిన మా నాన్న నన్ను అడుగుతున్నాడు! "చెరువు దగ్గర," అన్నాను. "ఇక్కడా?" "కాదు, ఇంకొంచెం ముందుకి." ఆయన జరిపాడు.

పెద్దయ్యాక బడంగ్‌పేట్‌లో టీచర్ కట్టుకున్న కొత్తింటికి వెళ్ళినప్పుడు అడిగాను. "ఆ రోజు మా నాన్న అలా కూర్చుంటాడని మీకెలా తెలుసు టీచర్?"

ఆవిడ పకపకా నవ్వింది. "నాకేం తెల్సు బిడ్డా? మీ నాయన లొల్లి పెడ్తడని కాళ్ళు వణికినయ్. కోసినంక ఏం జెయ్యాల్నో గూడ తెల్వదు. నువ్వు గట్ల ఏడుస్తుంటే చూడలేకపోయిన, గంతే."

ఆవిడ అన్నీ ఆలోచించుకున్నాకే కత్తెర పట్టిందని అన్నేళ్ళూ నమ్మాను. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. నేనిప్పుడు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాను. కొత్త కాగితం ముందు కూర్చుంటే ఈనాటికీ నా కాళ్ళు వణుకుతాయి. వణకనీ అనుకుని మొదటి గీత గీస్తాను.