పాతర మీది ముగ్గు

మనవరాలు దుప్పట్లతో గూడు కట్టుకొని, దాని ముందు ముగ్గు వేసింది. అది చూసి నాకు చిన్ననాటి ముగ్గొకటి గుర్తొచ్చింది.

మిత్రులారా, నిజాం పాలన చివరి రోజుల్లో, దోపిడీ గుంపుల భయంతో మన పాల్మాకులలో ఇళ్ల నడుమ నేలలో తవ్విన ధాన్యపు పాతరల్లో దాక్కున్నది గుర్తుందా? మా పాతరలో అమ్మ గొంగడి పరిచి, గోడకు అద్దం తగిలించి, చిన్న ఇల్లులాగే అమర్చింది. అమ్మతో మేము పిల్లలం దిగగానే నాయనమ్మ చెక్కమూత వేసి, పైన పేడతో అలికింది.

అప్పుడు పైన నాయనమ్మను నిలదీస్తున్న బాపు గొంతు వినబడింది. "ఇంటి నడుమ ముగ్గేందే అవ్వా? పిల్లలున్న జాగ చూపిస్తున్నవా?"

"అలికి ఉత్తగ ఇడుస్తరార?"

అంతలో గుర్రాలు వాకిట ఆగాయి. నాయనమ్మ ముగ్గు మీద జొన్నలు చల్లి కోళ్లను పిలిచింది. మా తలలపై కోళ్ల గీకుడు, పక్కనే బూట్ల చప్పుడు. అమ్మ నా నోరు మూసింది.

బూట్లు వెళ్లిపోయాక నాయనమ్మ మూత తీసింది.

"కోళ్లు మొత్తం ఆగం చేసినయి. మళ్ల అలకాలె."

"అలుకవ్వా," అన్నాడు బాపు. "ముగ్గుపిండి మాత్రం నాకియ్యి."