రెండు తాళాల వైఫై

రాయపూర్ గుఢియారీలో ఉండే తెలుగువాళ్లలో కొండలరావుగారికి తెలియని జబ్బు లేదు. మనుషుల జబ్బులు కాదు లెండి, మిషన్ల జబ్బులు. రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటులో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. తాత బొగ్గింజన్ల కాలంలో సామర్లకోట నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరాడు, తండ్రీ రైల్వే, తనూ రైల్వే. కొడుకు సందీప్ ఒక్కడే వంశానికి మచ్చ తెచ్చి సిల్తరాలో స్టీలు ఫ్యాక్టరీలో చేరాడు.

"నా సర్వీసు మొత్తంలో నా పేర ఒక్క ఫెయిల్యూర్ లేదు" అని కొండలరావు పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, ఆఖరికి దినాల్లో కూడా చెబుతాడు. అబద్ధం కాదు, నిజమే. సిగ్నల్ చెడిపోయిన ప్రతిసారీ అన్ని డిపార్టుమెంట్లవాళ్లూ కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి, తప్పెవరిదో రాసిన కాగితం మీద సంతకాలు పెడతారు. బాగుచేయడం తర్వాత సంగతి, ముందు ఆ తప్పు తమది కాదని ఎవరికి వారు తేల్చుకోవాలి. ఆ విద్యలో కొండలరావుని మించినవాడు బిలాస్‌పూర్ దాకా లేడు. పిడుగన్నాడు, ఎలకన్నాడు, కరెంటువాళ్లన్నాడు. ఒకసారి ఏదీ దొరక్కపోతే పట్టాల పక్కన మేస్తున్న మేక మీదికి తోసేశాడు. మేక సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కేసు ఇంకా తేలలేదట.

అలాంటి మనిషి ఇంటికి వైఫై వచ్చింది. కోడలు మహేశ్వరి కోసం పెట్టించారు. మహేశ్వరి భిలాయి పిల్ల, లెక్కల్లో ఎమ్మెస్సీ. పెళ్లయ్యాక పిల్లలూ వంటిల్లూ సరిపోయి చదువు అటకెక్కింది. ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని బడిపిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి తగిలింది. డెమో క్లాసు ఒకటి చెప్పి మెప్పిస్తే చాలు, ఉద్యోగం ఇచ్చేస్తారు. ఆ కబురు వచ్చిన రోజు కోడలి మొహంలో ఉన్న వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదని నాంచారమ్మ, అంటే కొండలరావు భార్య, పైకే అనేసింది.

నెట్ కంపెనీ నుంచి దేవాంగన్ అనే మెకానిక్ వచ్చి హాల్లో గోడకి తెల్లటి రూటర్ బిగించి వెళ్లాడు. కొండలరావు చూసి ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటి, సిగ్నల్ సామాన్ని ఇలా దిగంబరంగా నిలబెట్టాడు?" సిగ్నల్ సామానంటే ఇనప పెట్టెలో ఉండాలి. పట్టాల పక్కన బూడిదరంగు బీరువాల్లా కనిపిస్తాయే, అలాగన్నమాట. రిలే గదిలాంటి ముఖ్యమైన గదులకైతే రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి సిగ్నల్ వాళ్ల దగ్గర, రెండోది స్టేషన్ మాస్టర్ దగ్గర. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప తలుపు తెరుచుకోదు.

వారం తిరక్కుండా పాతసామాన్ల బజారులో దళసరి ఇనప పెట్టె ఒకటి కొని, రెండు గొళ్లేలు వెల్డింగు చేయించి, గోడకి బిగించి, రూటర్ని అందులో పెట్టేశాడు. ఒక తాళంచెవి తన మొలతాడుకి. రెండోది నాంచారమ్మ మెళ్లో పిన్నీసుకి.

"ఇవాళ్టినుంచి నువ్వే స్టేషన్ మాస్టరువి" అన్నాడు.

"జీతం ఎంతేంటి?" అందావిడ.

ఆ రోజు నుంచే వైఫై పోవడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ కంప్యూటర్ తెరమీద గుండ్రంగా చక్రం తిరుగుతుంది, ఇక అంతే సంగతులు. కొండలరావు నడుం బిగించాడు. మొదట ఫ్రిజ్జుని అనుమానించి వంటింట్లోంచి వసారాలోకి గెంటించాడు. తర్వాత పక్కింటి అచ్చయ్య దగ్గరికెళ్లి "మీ ఇన్వర్టరు మా గాలిని పాడుచేస్తోంది" అని తగువు పెట్టుకున్నాడు. తర్వాత కంప్యూటర్దే తప్పని తేల్చి దాన్నంతా తుడిపించేశాడు. పిల్లల పుట్టినరోజు ఫొటోలన్నీ గంగలో కలిశాయి. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

దేవాంగన్‌ని పిలిపించాడు. అతనికి రూటర్ చూపించాలిగా! మొగుడూ పెళ్లాం చెరో తాళం తీసి పెట్టె తలుపు బార్లా తెరిచారు. తెరవగానే నెట్ గుర్రంలా పరుగెత్తింది.

"సాబ్, అభీ తో బఢియా చల్ రహా హై" అన్నాడు దేవాంగన్, ఇప్పుడు భేషుగ్గా నడుస్తోందిగా అని. వెళ్లబోతూ పెట్టెని వేలితో టంగుమనిపించి, "సాబ్, యే డబ్బా..." అని నసిగాడు.

"డబ్బా నహీ, ప్రొటెక్షన్!" అన్నాడు కొండలరావు, సర్వీసునాటి గొంతుతో.

దేవాంగన్ ఇంకా చాలా ఇళ్లకి తిరగాలి. ఊరుకున్నాడు. కొండలరావు ఒక తెల్లకాగితం మీద 'పరీక్షించగా సరిగానే ఉన్నది' అని రాసి దేవాంగన్ చేత, భార్య చేత, కొడుకు చేత, కోడలి చేత వరసగా సంతకాలు పెట్టించాడు. అందరూ తలొంచుకుని పెట్టేశారు. తాళాలు పడ్డాయి. దేవాంగన్ బండి సందు మలుపు తిరక్కముందే చక్రం తిరిగింది.

మహేశ్వరి డెమో క్లాసు సగంలో ఆగిపోయింది. కంపెనీవాళ్లు మర్యాదస్తులే, శనివారం పొద్దున ఇంకోసారి చెప్పమన్నారు. ఈసారి ఆగితే మాత్రం వేరేవాళ్లని తీసుకుంటామన్నారు. ఆ పిల్ల వంటింట్లో ఉల్లిపాయల వంక పెట్టుకుని ఏడ్చింది. అది కొండలరావు కంట పడింది. కోడలంటే ఆయనకి ప్రాణం, ఆ మాట దాచడం ఎందుకు?

"నేనున్నాను కదమ్మా" అన్నాడు.

ఆ మాటకి మహేశ్వరి ఇంకా హడలిపోయింది. కళ్లు తుడుచుకుని, "మావయ్యగారూ, శనివారం ఆ ఒక్క గంటా పెట్టె తలుపు తీసి ఉంచుదామా? నౌతపా ఎండలు కదా, లోపల ఉక్కపోస్తుందేమో" అంది. నౌతపా అంటే ఇక్కడ రోళ్లు పగిలే తొమ్మిది రోజులు.

"బళ్లు నడుస్తుండగా రిలే గది తెరుస్తారటమ్మా? ఉద్యోగం పోదూ?"

"సరే మావయ్యగారూ" అందా పిల్ల. పోయేది ఎవరి ఉద్యోగమో అడగలేదు.

శనివారం వచ్చింది. కొండలరావు ఫ్రిజ్జు ఆపించాడు, మిక్సీ తీయించాడు, ఇంట్లో మొబైళ్లన్నీ కట్టేయించి బీరువాల్లో దాచేశాడు, చివరికి కూలరు కూడా ఆపేశాడు. అచ్చయ్య, మళ్లీ ఈయనతో గొడవెందుకని, అడక్కుండానే ఇన్వర్టరు ఆపుకున్నాడు. కొండలరావు రెండు తాళాలూ లాగి లాగి చూసుకున్నాడు. నాంచారమ్మ పిన్నీసుకున్న తాళంచెవితో సహా, రెండు వీధుల అవతల ఉండే బంగారమ్మగారింటికి లలితా పారాయణానికి వెళ్లిపోయింది.

క్లాసు మొదలైంది. భిన్నాలంటే ఏమిటో మహేశ్వరి రొట్టెముక్కలతో హిందీలో చెబుతోంది. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న కొండలరావుకి ఒళ్లు పులకరించింది. ఇంత బాగా చెబుతుందా మన పిల్ల! ఇన్నాళ్లూ ఈ గొంతు చారులో ఉప్పెంతా అని అడగడానికే సరిపోయిందే అనుకున్నాడు.

"హలో? ఆవాజ్ ఆ రహీ హై? హలో?"

చక్రం. మళ్లీ కలిసింది, రెండు మాటలు చెప్పేలోగా మళ్లీ చక్రం. మహేశ్వరి వెనక్కి తిరిగి మావగారి వైపు చూసింది. తిట్టినా బావుండేది అనిపించింది కొండలరావుకి.

హాల్లోకి పరుగెత్తి పెట్టె మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. దోసె పెనంలా ఉంది. చెయ్యి ఊదుకుంటూ ఆలోచించాడు. తన సర్వీసులో ఇలాంటి పెట్టెల్లోంచి సిగ్నల్ ఎలా బయటికొచ్చేది? అడుగున చిల్లుండేది, అందులోంచి కేబులు వచ్చేది. మరి దీంట్లోంచి కోడలి గదిలోకి ఏం వెళుతోంది? ఏ తీగా లేదు. గాలిలో వెళ్లాలి. ఇంత దళసరి ఇనుము దాటుకుని!

"ఓరి నా బుద్ధి తగలెయ్యా!" అన్నాడు పైకే.

తన తాళం తీశాడు. రెండోది అలాగే వెక్కిరిస్తూ వేలాడుతోంది. బంగారమ్మగారింటికి ఫోను చేద్దామంటే మొబైళ్లు కట్టేయించింది తనే, అవి ఏ బీరువాలో దాచాడో కూడా గుర్తు రావడం లేదు. ఇక వంటింట్లోంచి రుబ్బురోలు పొత్రం ఎత్తుకొచ్చాడు. సీలు పగలగొట్టాడని ఒక ఖలాసీకి ఇంక్రిమెంటు కోయించిన మహానుభావుడు, పంచె ఎగ్గట్టి, రొప్పుతూ, తను వేయించిన తాళాన్నే దబదబా బాదాడు. తాళం ఊడలేదు. గొళ్లెమే ఊడి కిందపడింది.

తలుపు తెరుచుకుంది. గదిలోంచి పాఠం మళ్లీ వినిపించింది. దెబ్బలకి వంకరపోయిన తలుపు వదిలితే మూసుకుపోతోంది. అందుకని క్లాసు అయ్యేదాకా కొండలరావు ఆ కాలే తలుపుని తువ్వాలుతో పట్టుకుని, చెమటలు కక్కుతూ గోడకి అంటుకునే నిలబడ్డాడు. పాఠం ఇంకెక్కడా ఆగలేదు. సోమవారం నుంచి చేరమన్నారు.

రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. "క్లాసు మధ్యలో ఆగలేదుగా?" అని అడిగాడు సందీప్.

"లైన్లో ఏదో ఇబ్బంది వచ్చిందండీ. మావయ్యగారే సరిచేశారు" అంది మహేశ్వరి గబగబా.

"నాన్నగారంటే నాన్నగారే!" అన్నాడు సందీప్.

ఇలాంటి మాట కోసమే కదా కొండలరావు ఇన్నేళ్లూ బతికింది. కానీ ఇవాళ ఆ పిల్ల గుండె కోతపడి కూడా తన పరువు కాపాడుతుంటే సిగ్గేసింది.

"లైను కాదురా. ఆ పెట్టె. పెట్టింది నేను, ఆపింది నేను. తప్పంతా నాదే" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఈ మాట అనడం ఇదే మొదలు. అందరూ ఆశ్చర్యపోతారని చూశాడు. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. సందీప్ పప్పు కలుపుకుంటున్నాడు. మహేశ్వరి చారు గిన్నె అందుకుంది.

"మీకు ముందే తెలుసా?"

నాంచారమ్మ మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఎప్పట్నించి?"

"పెట్టె పెట్టిన రోజునుంచీ" అన్నాడు సందీప్, కంచంలోకి చూస్తూ.

"మరి పిల్ల ఉద్యోగం పోయేదే! ఇంతమందిలో ఒక్కళ్లు నాకు చెప్పలేకపోయారా?"

నాంచారమ్మ ఆయన కంచంలో మజ్జిగ పోస్తూ, "చెబితే మూడో తాళం వేసేవారు" అంది.

కొండలరావు కాదనడానికి నోరు తెరిచాడు. కానీ ఆ మూడో తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలో అప్పటికే ఆయన బుర్రలో ఆలోచన మొదలైపోయింది. నోరు మూసుకుని అన్నం కలుపుకున్నాడు.